ఆడుట – ఆడించుట

పోయిన సంవత్సరము మా ఊరి పాఠశాల వార్షికోత్సవమునకు బాలికలచేత “వరవిక్రయము” నాటకములోని కొన్ని రంగములు ఆడింపవలెనని పెద్దలు నిశ్చయించిరి. మావారు ఆ పాఠశాలలో ఉపాధ్యాయులు. పద్యము చదువుట నేర్పువారు కావలసివచ్చి ఆ పని మా ఇంటికి వచ్చినది. ఇంటికి వచ్చిన పని యథాప్రకారముగా మా చేతికి వచ్చినది. మాకు బడిచదువు స్వల్పము. మా తండ్రిగారు అరుగుమీద కూర్చుండబెట్టుకొని అమరము మొదలు వసుచరిత్రమువరకు చెప్పిరి. ఆ చదువునకు పట్టము లేదు, జీతము లేదు. పిల్లలకు పురాణకథలు చెప్పుటకును, మావారి పాఠములలో ఎప్పుడైన ఒక సందేహము తీర్చుటకును అది ఉపకరించుచు వచ్చినది.

నలువది దినములు సాయంకాలములందు మా పెరటిలో అభ్యాసము జరిగినది. ఎవరు ఎచ్చట నిలువవలెను, ఎవరు మాటాడునప్పుడు ఎవరు ఎటు చూడవలెను, పద్యములో ఏ మాటకడ ఊపిరి తీయవలెను, ఇవియన్నియు మేమే చెప్పితిమి. సింగరాజు వేషమునకు నిలిపిన బాలిక, మీసము పెట్టగానే తన ముఖము తానే తలంచుకొని నవ్వెడిది. వారము దినములు ఇంట మీసముతోనే తిరుగుమని ఆ పిల్లకు చెప్పితిమి. తరువాత నవ్వు మానినది.

ఆహ్వానపత్రిక అచ్చునకు పోవునప్పుడు “దర్శకత్వము” అనుచోట ఎవరి పేరు వేయవలెనని మావారడిగిరి. మేము ఒక్క క్షణమైనను ఆలోచింపక వారి పేరే వేయింపుడంటిమి. పంతులుగారి భార్య నాటకము ఆడించినదట యని నలుగురనుకొందురేమోయని మా భయము. నాటకము చక్కగా జరిగినది. సభలో మావారికి శాలువ కప్పిరి. వారు దానిని ఇంటికి తెచ్చి, మాటాడక, మా పెట్టెలో పెట్టిరి.

మా పెద్దమ్మాయికి పండ్రెండేండ్లు. కాళింది వేషము ఆ పిల్లదే. ఆ రాత్రి ఆహ్వానపత్రికను అటునిటు త్రిప్పి చూచి, “అమ్మా, కాళింది ఎట్లా నడవాలో చెప్పింది నువ్వు కదా, మరి ఇక్కడ నీ పేరేది?” అని అడిగినది. ఏమి చెప్పుటకును తోచక, “అన్నం చల్లారిపోతోంది, లే” అంటిమి.

ఆ ప్రశ్న మమ్ములను విడువలేదు. ఎనుబదియేండ్లకు పూర్వము వెండితెరపై ఆ కాళింది వేషమే మొదటిసారి ధరించి, పదునాలుగేండ్లు గడచిన తరువాత “దర్శకత్వము” అనుచోట తన పేరు తానే వేయించుకొనిన ఒక తెలుగు స్త్రీ వృత్తాంతము మాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆమె శ్రీమతి భానుమతీ రామకృష్ణగారు. ఆమె పాటలు వినని ఇల్లు మనలో ఉండదు. కాని ఆమె పాడుటయేకాక, ఇతరులచేత ఆడించినదని మనలో ఎందరము తలంచుకొందుము?

భానుమతిగారు 1925 సెప్టెంబరు 7న ఒంగోలు ప్రాంతమున దొడ్డవరము అను పల్లెలో జన్మించిరి. తండ్రి బొమ్మరాజు వేంకటసుబ్బయ్యగారు సంగీతమున మిక్కిలి అభిమానము గలవారు. కుమార్తెకు చిన్ననాటనే ఇంట సంగీతము చెప్పించిరి. ఆమె గొప్ప గాయని కావలెననియే ఆ తండ్రి కోరిక. ఆ రోజులలో తెరపై నటించువారు తమ పాటలు తామే పాడుకొనవలెను గనుక, గాత్రము గల బాలికకు చలనచిత్రమునుండి పిలుపు వచ్చుట వింతకాదు. 1939లో సి. పుల్లయ్యగారి దర్శకత్వమున కలకత్తావారు నిర్మించిన “వరవిక్రయము” చిత్రములో ఆమె కాళింది పాత్ర ధరించిరి. అప్పటికి వయస్సు పదుమూడో పదునాలుగో. కథానాయకుడు తన కుమార్తెను తాకరాదని తండ్రి నియమము పెట్టి పంపిరని ప్రసిద్ధి.

కాళ్ళకూరి నారాయణరావుగారి ఆ నాటకకథ మనలో పెద్దలకు తెలిసినదే. పురుషోత్తమరావుగారికి కాళింది, కమల అని ఇద్దరు కుమార్తెలు. కట్నము కొరకు తండ్రి పడుపాట్లు చూడలేక కాళింది ప్రాణత్యాగము చేయును. చెల్లెలు కమల ఆ వరునే పెండ్లియాడి, డబ్బు పోసి కొనిన వస్తువు కొనినవారి ఇంటికి రావలెను గాని, కొనినవారు వస్తువు ఇంటికి పోవుట ఎక్కడి న్యాయమని అత్తవారిని నిలువదీయును. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. కట్నము మాత్రము పోలేదు. అందుచేతనే నూరేండ్లనాటి ఆ నాటకము ఇప్పటికిని మన పిల్లలకు పనికివచ్చుచున్నది. ఇంకొక సంగతి కూడ మాకు తోచినది. మొదటి చిత్రమున నోరెత్తక నూతిపాలైన అక్క వేషము వేసిన ఆ బాలిక, తన జీవితమున మాత్రము నోరు గల చెల్లెలివలెనే బ్రదికినది.

1943లో “కృష్ణప్రేమ” చిత్రమున నటించు కాలమున సహాయదర్శకులుగానున్న పి. యస్. రామకృష్ణారావుగారితో ఆమెకు పరిచయమైనది. పెద్ద ధనవంతులు కారు, పెద్ద పేరు గలవారును కారు. ఆమె తానే కోరి, ఆ సంవత్సరము ఆగస్టు 8న వారిని వివాహమాడిరి. పెండ్లితో చిత్రములు మాని గృహిణిగా ఉండవలెనని ఆమె తలంచిరి. కాని బి. యన్. రెడ్డిగారు “స్వర్గసీమ” కొరకు పిలిచిరి. 1945లో వెలువడిన ఆ చిత్రమున ఆమెది సుజాత అను నాటకసుందరి పాత్ర. భార్యాబిడ్డలు గల ఒక పత్రికాసంపాదకుని ఇల్లు మరపించు స్త్రీ. నాగయ్యగారు, జయమ్మగారు వంటివారి నడుమ ఆ పాత్రను ఆమె నిర్వహించిన తీరును, ఆ పావురము పాటను మా నాయనమ్మగారు ముసలితనమునందును తలంచుకొనుచుండెడివారు. ఇల్లాలికే మేలు కోరవలసిన మనము ఆ పాట వచ్చునప్పుడు సుజాత పక్షమున చేరిపోదుమని ఆమె నవ్వుచు చెప్పెడివారు.

అటుపిమ్మట దంపతులు ఇరువురును కూడి తమ కుమారుడు భరణి పేరట “భరణీ పిక్చర్సు” స్థాపించిరి. “రత్నమాల”తో ఆరంభము. 1949లో “లైలా మజ్ను”, 1952లో “ప్రేమ”, 1954లో “విప్రనారాయణ” మొదలైన చిత్రములు ఆ సంస్థనుండి వచ్చినవే. “విప్రనారాయణ”కు జాతీయపురస్కారములలో యోగ్యతాపత్రము లభించినది. మద్రాసు సాలిగ్రామమున భరణీ స్టూడియో కట్టిరి. ఈ చిత్రములకు చాలవరకు రామకృష్ణారావుగారే దర్శకులు. భానుమతిగారు నాయిక, గాయని, నిర్మాత. లెక్కల పుస్తకము మొదలు నటుల ఎంపికవరకు ఆమె ఎదుటనే నడచెడిది. ఇది గుర్తుంచుకొనదగినది. ఆమె ఒకనాడు హఠాత్తుగా దర్శకురాలు కాలేదు. పదేండ్లు ఆ పనిని ప్రక్కనుండి చూచినది, చేతులతో చేసినది.

ఈ నడుమ 1951లో “మల్లీశ్వరి” వచ్చినది. కృష్ణశాస్త్రిగారు చలనచిత్రమునకు పాటలు వ్రాయుట అదియే మొదలు. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. మను చరిత్ర పద్యములు వల్లించి పెరిగిన మాకు ఆ చిత్రమున రాయలవారిని, పెద్దనామాత్యుని చూచుట బంధువులను చూచినట్లుండును. వానరాత్రి సత్రములో మల్లి నాట్యము మారువేషమున నున్న రాయలు చూచుట, నాగరాజు పరిహాసమునకు రాణివాసపు పల్లకీ పంపుమనుట, కొన్నినాళ్ళకు ఆ పల్లకీ నిజముగనే వాకిట నిలుచుట మీరెరుగుదురు. ఈమధ్య ఆ ఘట్టము మరల చూచునప్పుడు మాకొక సంగతి మనస్సునకు తగిలినది. పల్లకీ అడిగినది నాగరాజు, పంపినది రాజు, ఎక్కింపజూచినది తల్లి. మల్లిని ఎవరును అడుగలేదు. ఆ మల్లి కన్నులలో భానుమతిగారు చూపిన దిగులు మరపునకు రాదు. రెండేండ్లకే ఆ నటి, ఎవరు ఎక్కడ నిలువవలెనో ఎటు పోవలెనో తానే చెప్పు స్థానమున నిలిచినది.

ఆ చిత్రము “చండీరాణి”. 1953లో తెలుగు, తమిళము, హిందీ మూడు భాషలలోను తీసిరి. కవలలైన అక్కచెల్లెండ్ర కథ. ఒకతె కోటలో పెరిగిన మెత్తని పిల్ల, రెండవది అడవిలో పెరిగిన కత్తివంటి పిల్ల. ఇరువురును భానుమతిగారే. నందమూరి తారకరామారావుగారు నాయకుడు, రంగారావుగారును ఉన్నారు. సంగీతము కూర్చుచున్న సుబ్బురామన్‌గారు 1952లో అకాలమున గతింపగా, మిగిలిన పనిని యం. యస్. విశ్వనాథన్‌గారు పూర్తిచేసిరి. దర్శకుడైన భర్త ఇంటనుండగనే ఈ చిత్రమునకు దర్శకత్వము భానుమతిగారు వహించిరి. తెలుగు చిత్రమునకు స్త్రీ దర్శకత్వము వహించుట అదియే ప్రథమము.

ఆ పని ఎట్టిదో మన సోదరీమణులకు కొంచెము వివరింపవలెనని మా కోరిక. నటి తన పాత్ర ఒక్కటి తలలో నుంచుకొనిన చాలును. దర్శకుడు అందరి పాత్రలను తలలో నుంచుకొనవలెను. కెమెరా ఎక్కడ నిలువవలెను, వెలుగు ఏ ప్రక్కనుండి పడవలెను, రేపు తీయబోవు తునక నేడు తీసినదానితో ఎట్లు అతుకవలెను, ఇవియన్నియు ఆతని బాధ్యతలే. అందును ఒకే నటి రెండు వేషములలో ఎదురెదురుగా నిలిచి మాటాడు దృశ్యములు మిక్కిలి కష్టమైనవి. ఆ కాలమున కంప్యూటరు సాయము లేదు. కెమెరా కటకము ముందు సగము మూసి, తెరచిన సగమున ఒక పాత్రను చిత్రించెడివారు. పిదప ఫిల్మును వెనుకకు త్రిప్పి, మూసిన సగమును తెరచి, తెరచిన సగమును మూసి, అదే నటి వేషము మార్చుకొనివచ్చి రెండవ పాత్రను నటించెడిది. మొదటిసారి తాను ఎంతసేపు మాటాడినదో, ఎంతసేపు ఊరకున్నదో లెక్క తప్పరాదు. లేని మనిషి కన్నులకు తన కన్నులు సరిగా కలియవలెను. నడుమ కెమెరా వెండ్రుకవాసి కదలినను అతుకు బయటపడును. ఇట్టి దృశ్యము మూడు భాషలలో తీయవలెనన్న ఆరుమారులు నటింపవలెను. నటించినది బాగున్నదో లేదో నిర్ణయించువారును తామే.

మేము ఈ చిత్రమును మా అత్తగారితో కూర్చుండి ఫోనులో చూచితిమి. ఆమెకు “మంగమ్మగారి మనవడు” చిత్రములోని మంగమ్మగారనిన ప్రాణము. 1984లో వచ్చిన ఆ చిత్రమున భానుమతిగారు వేసినది నాయనమ్మ వేషమే గాని, కథ నడిపినది ఆ నాయనమ్మయే. మా అత్తగారు “చండీరాణి”లో కవలలు ఎదురుపడగానే కండ్లద్దములు సవరించుకొని, “ఇద్దరూ ఆవిడేనా?” అనిరి. ఔనంటిమి. “చెప్పిందీ ఆవిడేనా?” అనిరి. ఔనంటిమి. కొంతసేపు ఊరకుండి, “మరి వంటెవరు చేశారో” అనిరి. మేము నవ్వితిమి గాని, ఆ మాట పరిహాసము కాదు. పని చేయు ప్రతి స్త్రీకిని వెనుక ఆ ప్రశ్న ఉండనే యుండును.

ఇక ఆమె అహంభావము సంగతి. భానుమతిగారికి గర్వమెక్కువయని చెప్పుకొనువారు చాలమంది. దానికి ఉదాహరణముగ “మిస్సమ్మ” కథ చెప్పుదురు. విజయావారు ఆ చిత్రమును మొదట భానుమతిగారితోనే ఆరంభించి కొంతభాగము తీసిరి. ఒకనాడు ఇంట వరలక్ష్మీవ్రతము చేసికొని ఆమె ఆలస్యముగా వచ్చిరనియు, నిర్మాత చక్రపాణిగారు క్షమాపణ కోరిరనియు, ఆమె చెప్పనన్నదనియు, అంతటితో తీసిన భాగము కాల్చివేసి ఆ పాత్రను సావిత్రిగారికి ఇచ్చిరనియు అందరు చెప్పుకొను మాట. 1955లో వచ్చిన “మిస్సమ్మ” సావిత్రిగారికి ఎంత కీర్తి తెచ్చినదో చెప్ప నక్కరలేదు. తన మూలమున తెలుగువారికి మంచినటి లభించినదని భానుమతిగారే తరువాత సంతోషముగా చెప్పుకొనిరందురు.

ఈ వృత్తాంతము మా అత్తగారికి చెప్పగా, “వ్రతం తెల్లవారుజామునే చేసుకుంటే సరిపోయేది కదా” అనిరి. అదియు నిజమే. స్టూడియోలో ఒక జాము ఊరక గడచిన ఎంత నష్టమో స్వయముగా నిర్మాతయైన ఆమెకు తెలియనిది కాదు. నిర్మాత కోపమునకును కారణమున్నది. కాని మేమొకటి ఆలోచించితిమి. మాట పడనివాడు పురుషుడైనచో వానిని నిక్కచ్చి మనిషి యందుము, స్త్రీయైనచో గర్విష్ఠి యందుము. గర్వమునకును ఆత్మగౌరవమునకును నడుమనున్న గీత ఎక్కడనో మాకు నిశ్చయముగా తెలియదు. భానుమతిగారు ఒక్కొక్కప్పుడు ఆ గీతకు అవతల అడుగుపెట్టియే యుందురు. మనము మాత్రము ఆ గీత దరిదాపులకైనను పోక, మన పేరు మనమే తుడిచివేసికొని, దానికి అణకువయని పేరు పెట్టుకొనుచున్నాము. శాలువ పెట్టెలో పెట్టిననాడు మావారు మాటాడకుండుటకు కారణము మాకు అప్పుడు తెలిసినది. వారికిని సంతోషముగా లేదు.

భానుమతిగారు 1966లో “పలనాటి యుద్ధము”న నాయకురాలు నాగమ్మ పాత్ర ధరించిరి. రాజ్యతంత్రము నడిపిన స్త్రీని మన చరిత్ర ఎట్టి చూపు చూచినదో పలనాటి కథ చదివినవారికి తెలియును. ఆ యేటనే ప్రభుత్వమువారు ఆమెకు పద్మశ్రీ యిచ్చిరి. తరువాతికాలమున పద్మభూషణమును ఇచ్చిరి. దర్శకత్వమును ఆమె ఒక్క చిత్రముతో విడువలేదు. 1972లో “అంతా మన మంచికే”, 1974లో “అమ్మాయి పెళ్లి” ఆమె దర్శకత్వమున వచ్చినవే. 1982లో అందరు పిల్లలతోనే “భక్త ధ్రువ మార్కండేయ” తీసిరి. పన్నెండుమంది బాలికలను నలువదినాళ్ళు త్రిప్పుకొనుటకే మాకు గొంతు పోయినది. ఆ ఓపికకు మేము చేతులెత్తి నమస్కరించుచున్నాము.

కలము పట్టుటలోను ఆమెది అందెవేసిన చేయి. “అత్తగారి కథలు” చదివి నవ్వని కోడలు లేదు, అత్తగారును లేరు. చిత్రములలో అత్తగారనిన గంప గయ్యాళియను పేరు పడిన కాలమున, మడి, ఆచారము, మొండిపట్టు, అమాయకత్వము కలిసిన ఒక పెద్దావిడను కోడలు ప్రేమతో చూచి వ్రాసిన కథలవి. వానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. తన జీవితకథ “నాలో నేను”కు చలనచిత్రములపై ఉత్తమగ్రంథమని జాతీయపురస్కారము లభించినది. తండ్రి ఇంట నేర్పించిన సంగీతముతో బయలుదేరిన ఆమె మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు అధిపతిగా కూడ పనిచేసిరి. ఇంట చదివిన చదువు ఇంటనే ఉండిపోవలెనను నియమమేమియు లేదని ఇది చదివినప్పుడు మాకు ధైర్యము కలిగినది. 2005 డిసెంబరు 24న చెన్నపట్టణమున ఆమె కన్నుమూసిరి.

ఆమె వెనుక మరికొందరు నటీమణులు ఆ పీఠమెక్కిరి. 1968లో సావిత్రిగారు “చిన్నారి పాపలు” చిత్రమునకు దర్శకత్వము వహించిరి. దానికి సంగీతము పి. లీలగారు. ముఖ్యమైన శాఖలు పెక్కింటిని స్త్రీలే నిర్వహించిరి. సావిత్రిగారి ప్రతిభ ఎవరికి తీసిపోవును? అయినను ఆ మార్గమున ఆమెకు ధననష్టమే ఎక్కువ. 1981 డిసెంబరు 26న ఆమె గతించిననాటికి చేతిలో ఏమియు మిగులలేదు. విజయనిర్మలగారు 1973లో దర్శకురాలై, యద్దనపూడి సులోచనారాణిగారి “మీనా” నవలను చిత్రముగా తీసి, మొత్తము 44 చిత్రములు పూర్తిచేసిరి. స్త్రీలలో అంతటి సంఖ్య మరెవరికి లేదని 2002లో గిన్నిస్ గ్రంథమువారు నమోదు చేసిరి. 2019 జూన్ 27న ఆమెయు వెడలిపోయిరి.

ఈ మువ్వురి జీవితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సత్యము బోధపడును. ప్రతిభ ఒక్కటి చాలదు. భానుమతిగారికి ఆదరించిన తండ్రి, పని తెలిసిన భర్త, సొంత స్టూడియో, లెక్క తెలిసిన బుద్ధి తోడుపడినవి. అవి లేనివారు వీరివలె కాలేదని నిందింపరాదు. మన ఇండ్లలో ఆడపిల్ల పాడినచో వినుటకు సిద్ధముగా నుందుము. చెప్పినచో వినుటకు సిద్ధముగా నుందుమా? అన్న చెప్పినదే మాట, తండ్రి పెట్టినదే లెక్క యని నేర్పి, పెద్దయైన తరువాత దానికి ధైర్యము లేదని వాపోవుదుము. ఆడపిల్లకు పాటతోబాటు పద్దుపుస్తకము కూడ చేతికీయవలెను. పదిమందిచేత పని చేయించుట ఎట్లో ఇంటిలోనే నేర్పవలెను. పొరపాటు చేయనీయవలెను. దిద్దుకొననీయవలెను.

ఇక మా సంగతి. ఈ సంవత్సరము మరల వార్షికోత్సవము వచ్చుచున్నది. కిందటేడు కాళింది మరణముతో తెర దించితిమి. ఈమారు కమల వాదించు రంగములు ఎంచితిమి. మా అమ్మాయి కమల. ఆహ్వానపత్రిక వ్రాయునాటికి పదునైదు దినములు ముందునుండి ఒక మాట మా నోటిదాక వచ్చి వెనుకకు పోవుచుండెను. వసుచరిత్రములోని శ్లేషలు విప్పి చెప్పగల నోటికి ఆ చిన్నమాట అంత బరువైనది. తుదకు ఒకరాత్రి మావారు భోజనమునకు కూర్చుండినప్పుడు, ఈసారి ఆ చోట మా పేరు వేయింపవలెనని మేమే అడిగితిమి. వారు ముద్ద నోటపెట్టుకొనక మా వంక చూచి, “ఇంటిపేరుతోనా, లేకుండానా?” అనిరి. అంతే. ఏండ్ల తరబడి మేము భయపడినదంతయు ఆ ఒక్క ప్రశ్నతో తీరిపోయినది. నలుగురు ఏమనుకొందురను భయములో సగము మాకు మేము కల్పించుకొనినదే.

అచ్చుకూటమునుండి చిత్తుప్రతి వచ్చినది. మా పేరులో ఒక దీర్ఘము తప్పిపోయినది. ఎఱ్ఱసిరాతో మేమే దిద్ది పంపితిమి. మా అత్తగారు ఆ కాగితము రెండుమార్లు చదివి, “మీ నాన్నగారుంటే చూసుకునేవారు” అనిరి. మా అమ్మాయి ఏమియు అనలేదు. దానికి ఇది వింతగా తోచలేదు. అట్లు తోచకుండుటయే మాకు కావలసినది.

సోదరీమణులారా! మీ ఊరిలోను సంక్రాంతికో, బడి పండుగకో, భజన మందిరమునకో మీరు చేసిన పని మరియొకరి పేర వెలువడుచుండవచ్చును. అందులో ఎవరి తప్పును వెదుక నక్కరలేదు. ఒక్కమారు మీరే అడిగి చూడుడు.

నాటకము వచ్చే నెలలో. సింగరాజునకు ఇంకను రెండు పద్యములు నోటికి రాలేదు. మీసముమాత్రము బాగుగ నిలుచుచున్నది.